చేతులు కడిగే లైను

బడిలో తోటిపిల్లలను కరిచే పిల్లలతో, పలకలు విసిరే పిల్లలతో, గోడ దూకి పారిపోయే పిల్లలతో ఎలా మాట్లాడాలో టీచర్లకూ అంగన్‌వాడీ కార్యకర్తలకూ నేర్పడం ఇప్పుడు నా పని. ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను ఈ పనికి పెట్టుకుంది. ఒక్కో మండలంలో నాలుగు రోజుల శిక్షణ. అనంతపురంలో నేను అద్దెకుంటున్న గది నుంచి పొద్దున్నే బస్సెక్కి పోతాను, సాయంత్రానికి తిరిగొస్తాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేయకుండా ఒక్కరోజు కూడా పోలేదు. బస్సులో సీటుకు వీపు ఆనించను. అది మా ఇంటి అలవాటు. “వెన్ను వంచినంత మాత్రాన వాన పడుతుందా?” అనేవాడు మా తాత. వాన పడలేదు, వెన్నూ వంగలేదు.

మాది ఉరవకొండకు దగ్గరలో ఒక ఊరు. ఆ ఊళ్ళో మాది పెద్దిల్లు. మా నాయన కాలంలో బోర్లు మొదలయ్యాయి. ఒకదాని పక్కన ఒకటి వేయించాం. రాతి దుమ్ము లేచింది కానీ నీళ్ళు లేవలేదు. వేరుశనగ పంట వరసగా పోయింది. ఆ మీద ఆయన ఎలక్షన్లో నిలబడి ఓడిపోయాడు. నేను టీచరు ఉద్యోగానికి పోతానన్నప్పుడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, “ఎవడో ఇన్‌స్పెక్టరు వస్తే చేతులు కట్టుకొని నిలబడతావా?” అని ఒక్క మాట అడిగాడు. నిలబడ్డాను, కానీ చేతులు కట్టుకోలేదు. ముప్పై ఏళ్ళు అలాగే గడిపి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు. మిద్దె ఉన్నచోట సోలారు కంపెనీవాళ్ళు సామాను పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది.

నేను నేర్పే పద్ధతి చెప్పడానికి చాలా సులువు. గోల చేస్తున్న పిల్లకు ఏదో ఒక పని మోయలేని బరువైందని అర్థం. ఆ బరువేమిటో మనం ఊహించకూడదు, పిల్లనే అడగాలి. అడిగి, పూర్తిగా వినాలి. ఆ తర్వాత మన ఇబ్బందేమిటో పిల్లకు చెప్పాలి. ఇద్దరికీ కుదిరే దారి ఇద్దరూ కలిసి వెతకాలి. ఇంటివాళ్ళను కూడా ఆ వెతకడంలో కలుపుకోవాలి. ఇవన్నీ చేయడానికి ముందు ఒక పని ఉంది. కుర్చీ పక్కకు జరిపి, పిల్ల కళ్ళకు మన కళ్ళు సమానంగా వచ్చేట్టు నేలమీద కూర్చోవాలి. దీన్ని నేను ఎన్నో హాళ్ళలో బోర్డు దగ్గర నిలబడి చెప్పాను.

ఉరవకొండ శిక్షణలో రెండో రోజు ఒక్కొక్కరిని పిల్లల వేషం వేయమన్నాను. ఒక లావుపాటి హెడ్మాస్టరు జంపఖానా మీద వెల్లకిలా పడుకొని కాళ్ళు కొట్టుకున్నాడు.

“నాకు అన్నం వద్దూ! నేను బడికి రానూ!”

“ఏమప్పా, అచ్చం నా మొగుని మాదిరే ఏడుస్తాండావే!” అంది ఒక అంగన్‌వాడీ ఆయమ్మ. హాలంతా నవ్వింది.

వెనక వరసలోని ఒక పంతులు చేయి పైకెత్తాడు. “సార్, మా సార్లు మమ్మల్ని ఏమి కష్టమని ఎప్పుడన్నా అడిగినారా? ఈతబరిక తీసుకున్నారు, దంచినారు. మేం బాగుపడల్యా?”

“బాగుపడినావులే అన్నా,” అన్నాడు పడుకున్న హెడ్మాస్టరు లేవకుండానే. “ఇప్పటికీ బరిక మాటొస్తే లాగు పట్టుకుంటాండావు.”

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. నాలుగు రోజులూ ఇలాగే నవ్వుతారు, రాసుకుంటారు, చివర సంతకాలు పెట్టి పోతారు. ఆ తర్వాత ఏ బడికైనా పోయి చూస్తే బీరువా పైన బరిక అలాగే ఉంటుంది. మార్పు వస్తుందని నేను అనుకోవడం మానేసి చాలా రోజులైంది.

ఆ బ్యాచ్‌లో ఒకే ఒక టీచరు దీన్ని నిజంగా పట్టించుకుంది. ధర్మవరం నేతపని చేసే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. శిక్షణ అయిన మూడు వారాలకు నాకు ఫోను చేసింది. ఆమె బడిలో నాలుగో తరగతి చదివే ఒక ఆడపిల్ల ఉంది. తొమ్మిదేళ్ళది. తోటివాళ్ళను రక్తం వచ్చేలా కరుస్తుంది. ఒకసారి అన్నం పళ్ళేలన్నీ తోసేసింది. మిగతా తల్లిదండ్రులు వచ్చి, ఆ పిల్లను బడి నుంచి తీసేయకపోతే మా పిల్లలను తీసుకుపోతామని హెడ్మాస్టరుతో గొడవపడ్డారు. నెలాఖరు లోపల ఏదో ఒకటి తేల్చమని హెడ్మాస్టరు ఈమెకు చెప్పాడట.

“నేను రోజూ రాసిపెట్టినాను సార్. మీరు చెప్పినట్లే, కరిచే ముందు ఏం జరుగుతాండాదో రాసినాను. లెక్కల పీరియడ్లో ఏం లేదు. ఆటలప్పుడూ ఏం లేదు. మధ్యాహ్నం అన్నానికి ముందర చేతులు కడుక్కోనీకి లైన్లో నిలబెడతాం కదా, దాదాపు ప్రతిసారీ ఆడనే. లైన్లో ఏముందో తెలిస్తే చాలు సార్.”

“అడిగినావా?”

“అడిగితే తల దించుకుంటాంది. వాళ్ళమ్మను పిలిస్తే రాదు. బడికి రమ్మంటేనే భయపడతాంది.”

ఏ ఊరని అడిగాను. చెప్పింది. అది మా ఊరే.

“నేను పిలిస్తే వస్తారు,” అన్నాను. ఆ మాట ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చింది.

నాయన పోయాక నేను ఆ ఊరికి పోలేదు. ఎవరికీ కబురు పెట్టలేదు కూడా, ఆ టీచరే పిల్ల తల్లికి చెప్పింది. కానీ బస్సు దిగి బడి దగ్గరికి పోయేసరికి వరండా ముందు ఇరవైమంది దాకా ఉన్నారు. పెద్దింటాయన కొడుకు వచ్చి కూర్చుంటున్నాడని తెలిసి వచ్చినవాళ్ళు. పిల్ల తల్లి చంకలో చంటిపిల్లాడితో గోడవారగా నిలబడి ఉంది. ఆ పిల్ల అవ్వ ముందుకొచ్చింది. మా చేలో వేరుశనగ పెరికిన మనిషి. నన్ను గుర్తుపట్టింది.

“చిన్రెడ్డీ, ఎంత చిక్కిపోతివి నాయనా! నువ్వు రాకపోతే ఈ పిల్ల సంగతి ఎవురు తేలుస్తారు?”

యాభై ఎనిమిదేళ్ళు దాటినవాణ్ణి ఇంకా చిన్రెడ్డీ అంది. లోపల నుంచి ఎవరో హెడ్మాస్టరు చేతుల కుర్చీ తెచ్చి వరండా మధ్యలో వేశారు. అవ్వ తన కొంగుతో దాన్ని తుడిచింది. ఆ టీచరు అప్పటికే జంపఖానా పరిచి, పిల్ల పక్కన కింద కూర్చుంది. నా కోసం పక్కన చోటు వదిలింది. నా వైపు చూసింది.

ఇంతమంది చూస్తుండగా తుడిచిన కుర్చీ కాదని కింద కూర్చుంటే ఆ అవ్వను చిన్నబుచ్చినట్టు అవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. కుర్చీలో కూర్చున్నాను.

పిల్ల సన్నగా ఉంది. మోకాళ్ళ మీద ఎండిన పొక్కులు. పలక అంచును గోటితో గీకుతూ ఉంది. నేను గొంతు తగ్గించి, ఊరి మాటలోనే అడిగాను. పద్ధతిలో మొదటి మాట అదే. పిల్లను తప్పు పట్టడం లేదని ముందుగా తెలియజేయాలి.

“బడిలో నీకు కష్టంగా ఉండాది. అది నాకు తెలుస్తాంది. ఏమి కష్టమో నువ్వే చెప్పల్ల.”

పిల్ల పలక గీకుతూనే ఉంది. టీచరు మెల్లగా, “చేతులు కడుక్కునేటప్పుడు లైన్లో...” అని అందించింది.

గీకుతున్న గోరు ఆగింది. పిల్ల తల ఎత్తింది. “లైన్లో...” అంది. పెదవులు కదిలాయి. నా మొహం చూడటానికి మెడ వెనక్కి వంచాల్సి వచ్చింది. చూసి, మళ్ళీ ఆగిపోయింది.

నేను చాలా ఎత్తులో ఉన్నానని అప్పుడు అర్థమైంది. ఎన్నో హాళ్ళలో చెప్పిన మాట నాకే గుర్తొచ్చింది. ఎవరేమనుకున్నా సరే, కిందికి పోయి ఆ టీచరు వదిలిన చోటులో కూర్చోవాలనుకున్నాను. కుర్చీ చేతులు పట్టుకొని లేచాను.

నేను లేవగానే వరండా ముందు కూర్చున్నవాళ్ళందరూ లేచారు. తల్లి గబగబా వచ్చి పిల్ల రెట్ట పట్టి లేపింది. “మొక్కు, సామికి మొక్కు,” అంటూ మెడ వంచింది. “తప్పైపాయ సామీ. మీరు చెప్పినట్లే చేస్తాం.” పిల్ల తల నా మోకాలికి తగిలింది. వెనకవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దండం పెట్టారు. ఒక ముసలాయన నా చేయి పట్టుకొని, “మీ నాయనను చూసినట్లే ఉండాది,” అన్నాడు. హెడ్మాస్టరు ఎక్కడి నుంచో కూల్‌డ్రింకు తెప్పించాడు.

“ఆగండి, ఇంకా మాట్లాడేది ఉంది,” అన్నాను. ఒకసారి అన్నాను. గట్టిగా అనలేదు. గట్టిగా అనకపోవడానికి కారణం ఉంది. ఆ పది నిమిషాలు నాకు బాగుంది. బస్సులో నిలబడి వచ్చి, అద్దెగదికి తిరిగిపోయే మనిషికి అంతమంది చేతులు జోడించడం బాగుంది. ఈ ఒక్కటీ రాయకపోతే నేను రాసే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఆ టీచరు ఒక్కతే జంపఖానా మీద కూర్చొని ఉంది. “ఇంకో రోజు కలుద్దాంలే అమ్మా,” అని చెప్పి బస్సెక్కాను. మాట సగంలో ఆగింది, ఇంకోసారి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు అనుకున్నాను.

మూడు రోజుల తర్వాత ఆమె ఫోను చేసింది.

“సార్, పిల్ల బడికి రావడం ల్యా. మీరు వద్దన్నారంట కదా?”

“నేను వద్దన్నానా?”

“ఊరంతా అదే చెప్తాండారు సార్. పెద్దింటాయన తేల్చేసినాడు, ఆ పిల్లకు బడి వద్దన్నాడు అని.”

అప్పుడు మా నాయన పంచాయితీలు గుర్తొచ్చాయి. గట్టు తగాదా అయినా, గొర్రెల తగాదా అయినా ఆయన ముందు అందరి మాటా వినేవాడు. చివరకు ఒక మాట అనేవాడు, కుర్చీలోంచి లేచేవాడు. ఆయన లేచాడంటే తీర్పు అయిపోయిందని లెక్క. లేవడానికి ముందు ఆయన నోట్లోంచి వచ్చిన మాటే తీర్పు. ఆ తర్వాత నోరెత్తడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. నేను లేవడానికి ముందు ఏమన్నాను? బడిలో నీకు కష్టంగా ఉండాది అన్నాను. పిల్లకు ధైర్యం చెప్పే మాట అనుకొని అన్నాను. వాళ్ళు వినాల్సినట్టే విన్నారు. ఆ పద్ధతి వాళ్ళకు నేర్పింది మా ఇల్లే.

మరుసటి రోజు పోయాను. ఇంటి దగ్గర అవ్వ ఒక్కతే ఉంది. చింతపండు గింజలు తీస్తోంది. కూతురు పిల్లలిద్దరినీ తీసుకొని నిన్ననే బెంగళూరు పోయిందట, కట్టుబడి పనికి. ఎప్పటి నుంచో పోవాలనే ఉంది, పిల్ల చదువు కోసం ఆగిందట.

“అవ్వా, నేను బడి మాన్పించమని చెప్పలేదు.”

“కష్టంగా ఉండాదంటివి కదప్పా, అందరి ముందర. కష్టంగా ఉండేదాన్ని పిల్లతో ఎవురన్నా చేయిస్తారా?”

“అది అడిగే పద్ధతవ్వా. ఏం కష్టమో తెలుసుకోనీకి అడిగినాను.”

“అడిగేటోడు వినేదాకా కుచ్చుంటాడు. నువ్వు లేస్తివి.”

“కింద కూర్చుందామని లేచినాను. పిల్ల పక్కన.”

ఆమె చేయి ఆగింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నోరంతా తెరిచి నవ్వింది. “నువ్వా? కిందనా?” అంది. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆమెకు. కళ్ళు తుడుచుకొని, “పోనీలే చిన్రెడ్డీ. నువ్వు ఒకటి అనుకుంటివి, మేం ఒకటి అనుకుంటిమి. ఇప్పుడు మాట మారిస్తే రేపు ఎవురు నమ్ముతారు? ఆ కరిపించుకున్నోళ్ళు ఊరుకుంటారా?” అంది.

“నేను అందరికీ చెప్తాను. తప్పు నాదని చెప్తాను.”

“చెప్పు మరి,” అంది, మళ్ళీ గింజలు తీస్తూ.

బస్టాపు దగ్గర అంగడి ముందు ఎనిమిది మందో తొమ్మిది మందో కూర్చొని ఉన్నారు. ఆ రోజు దండం పెట్టినవాళ్ళే చాలామంది. నేను చెప్పాల్సింది రెండే మాటలు. నేను తీర్పు చెప్పలేదు, పిల్లను బడికి రానివ్వండి. అంతే. నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు. మా నాయన చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. తప్పయిందని ఆ ఊరి మనుషుల ముందు మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. “బాగుండారా?” అని అడిగాను. “బాగుండాం సామీ,” అన్నారు. ఈలోపల బస్సు వచ్చింది. ఎక్కాను.

నెలాఖరుకు ఆ బడి నుంచి మా సంస్థకు కాగితం వచ్చింది. ప్రతి పిల్ల మీదా టీచరు నింపి పంపాల్సిన కాగితం. సమస్య, చేసిన ప్రయత్నం, ఫలితం అని గడులుంటాయి. ఫలితం గడిలో, “గత మూడు వారాలుగా తరగతిలో కరవడం, విసరడం లేదు. సమస్య పరిష్కారమైంది,” అని రాసి ఉంది. అది ఆ టీచరు చేతిరాత కాదు. హెడ్మాస్టరు రాసి ఉంటాడు. కింద శిక్షకుడిగా నా సంతకానికి చోటుంది. రెండు రోజులు టేబులు మీదే ఉంచుకున్నాను. ఆఫీసు నుంచి అడిగారు. ఫలితం గడి కొట్టేసి, “పిల్ల బడి మానేసింది,” అని రాసి పంపాను. పిల్ల పేరు బడి రిజిస్టరులో లేకపోతే ఆ కాగితమే అక్కర్లేదని, దాన్ని పక్కన పెట్టారు.

ఆ టీచరు మళ్ళీ ఫోను చేయలేదు. గార్లదిన్నెలో ఇంకో బ్యాచ్‌కు శిక్షణ ఇస్తున్నప్పుడు నేనే ఆమెకు ఫోను చేసి, పిల్ల తల్లి నెంబరు ఉందా అని అడిగాను. ఇచ్చింది. “ఇప్పుడెందుకు సార్?” అంది. ఆ తర్వాత ఆమె తన తరగతి పిల్లల గురించి అలా రోజూ రాసిపెట్టడం మానేసిందని వేరేవాళ్ళు చెప్పారు.

ఆ రోజే మధ్యాహ్నం భోజనం వేళ హాలు బయట వేపచెట్టు నీడలో నిలబడి ఆ నెంబరుకు చేశాను. తల్లి ఎత్తింది. వెనక కాంక్రీటు మిక్సరు తిరిగే చప్పుడు. ఎవరని చెప్పగానే గొంతు తగ్గించింది. పిల్లతో మాట్లాడతానన్నాను. ఫోను చేతులు మారింది. ఊపిరి వినిపించింది.

“నేను, ఆ రోజు బడికాడికి వచ్చిన సార్‌ను.”

“సార్, నేనింగ ఎవర్నీ కరచను,” అంది పిల్ల ఒక్క గుక్కలో. “ఈడ ఎవర్నీ కరచల్యా. మా అమ్మను అడగండి. నేను బడికి రావచ్చునా సార్?”

మొదటిసారి ఆ పిల్ల నాతో పూర్తి మాట మాట్లాడింది. “రావచ్చు,” అన్నాను. “నువ్వేం తప్పు చేయలేదు. తప్పు నాది. రా.”

ఇన్నాళ్ళకు ఆ మాట నోట్లోంచి వచ్చింది. వినాల్సిన ఊరు అక్కడ లేదు. ఫోను మళ్ళీ తల్లి తీసుకుంది.

“ఏం చెప్పినారు సామీ దానికి? ఎగురుతాంది.”

“బడికి రమ్మన్నాను.”

మిక్సరు ఆగింది, మళ్ళీ తిరగడం మొదలైంది.

“ఇప్పుడు ఎట్ల వస్తాది సామీ? నేను పనిలో ఉంటే చిన్నోన్ని చూసేది అదే. మా అమ్మను కూడా వచ్చే వారం ఈడికే పిల్చుకుంటాండాం. ఆ ఊర్లో ఇంగ మా ఇల్లే ఉండదు.” కోపం లేదు ఆ గొంతులో. నాకు నచ్చజెబుతున్నట్టు మాట్లాడింది. “ఆ పొద్దే చెప్పింటే నిలబడిపోయిందుము. ఇప్పుడు దానికి లేనిపోని ఆశ పెట్టాకండి.”

“ఒక్కసారి పిల్లకు ఇవ్వమ్మా.”

“ఏమి చెప్పల్ల సామీ దానికి?”

వెనక పిల్ల ఏడుపు మొదలైంది. అంతలోనే చంటివాడూ ఏడుపు అందుకున్నాడు. ఎవరో మేస్త్రీ కాబోలు, కన్నడంలో ఊరుకోమని కసిరాడు. తల్లి “ఉంటాను సామీ,” అని ఫోను పెట్టేసింది.